తువ్వాలు కుక్కిన బాకా

ఈ రోజు మధ్యాహ్నం బోయిగూడలోని మా ఇంటికి పిల్లలంతా వచ్చారు. నా సంతోషం ఎంతని చెప్పను! భోజనాలయ్యాక మనవరాలు, ఎవరికి ఏ బ్యాండ్ ఇష్టమో చెప్పాలంది. నేను తడుముకోకుండా మా నాయన వాయించిన పెళ్ళి బ్యాండ్ పేరు చెప్పాను.

నా చిన్నప్పుడు, నిజాం మీద పోలీసు చర్య రోజుల్లో పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. వీధిలో గట్టిగా దగ్గాలన్నా జనానికి భయమే. రోజూ ఊదకపోతే పెదవులు పట్టు తప్పుతాయని నాయన తలుపులేసుకుని, బాకా మూతిలో తువ్వాలు కుక్కి నా పక్కన కూర్చుని వాయించేవాడు. అంత మెత్తని పాట నేను మళ్ళీ వినలేదు. ఈనాటికీ ఏ పాటైనా చిన్నగా వినబడితేనే నాకు ఇష్టం.

ఇది విని అరవై ఏళ్ళ మా పెద్దమ్మాయి నా వైపు తిరిగింది.

"గందుకా డాడీ? చిన్నప్పుడు నేను నోరు తెరిస్తే చాలు, మెల్లగ, మెల్లగ అంటుంటివి. నా గొంతే మంచిగ లేదనుకున్న. చర్చిల పాడమన్నా పోలే."

"నీ గొంతు బంగారం బిడ్డా!"

"గీ మాట జెర ముందుగాల చెప్పొద్దా?" అని నవ్వింది. కళ్ళు మాత్రం తుడుచుకుంది.

సాయంత్రం ఒక్క పాట పాడమని బతిమాలాను. "ఇప్పుడేం వస్తది డాడీ, పో" అంది.

మీ ఇళ్ళలో కూడా ఎవరితోనైనా ఇలాగే 'మెల్లగ, మెల్లగ' అన్నారేమో, ఈ రాత్రే అడిగి నాకు రాయండి. నేను చాలా ఆలస్యంగా అడిగాను.