మడి దండెం మీద అయనోస్ఫియర్

శక్తిమంతమైన రేడియో తరంగం పైవాతావరణంలో అయనోస్ఫియర్ అనే పొరలోని ప్లాస్మాను, అంటే విద్యుదావేశం నిండిన వాయువును, వేడిచేసి, దాని స్వభావాన్ని మారుస్తుంది. అప్పుడు అదే దారిన పోయే బలహీన తరంగానికి మొదటిదాని పాట తాకకుండానే అంటుకుంటుంది. డెబ్బైల చివరలో తిరుపతిలో నేను పరిశోధించిన విషయమిది. విశ్వవిద్యాలయంలో మోటార్ల వల్ల రేడియోలో రొద ఎక్కువ కనుక, రిసీవరును మేనత్త ఇంటి వెనుకగదిలో పెట్టుకున్నాను.

పొద్దుగూకగానే దూరపు కన్నడ వార్తల వెనుక, మదరాసు వైపు బలమైన కేంద్రం నుంచి తమిళ పాట సన్నగా వినిపించేది. సూర్యాస్తమయంతో ప్లాస్మా మారుతుంది కనుక వేళ కూడా సిద్ధాంతానికి కుదిరింది. ఆ పాట నిజమైతేనే నాకు డాక్టరేటు.

రిసీవరును, ఏరియల్‌ను, ఎర్త్‌ను క్రమం తప్పక పరీక్షించాను. పెరట్లో, ఏరియల్ కింద, మేనత్త మడి దండెం ఉండేది: ముడులు వేసిన పాత ఇనుపతీగ. మర్నాటి మడిచీరను ఆమె సంధ్యవేళ తడిపి దానిమీద ఆరవేసేది. ఇతరులు తాకరాదు. క్రమశిక్షణ గలవాణ్ణి కనుక నేనూ తాకలేదు, పరీక్షించనూ లేదు.

నా పరిశోధన గ్రంథానికి అంగీకారం తెలిపే ముందు, మార్గదర్శకులైన ఆచార్యులు స్వయంగా వినడానికి వచ్చిన సాయంకాలం వార్తలే వచ్చాయి, పాట రాలేదు. ప్లాస్మా చంచలత్వం గురించి నేను ఉపన్యసిస్తుండగా, కాఫీ తెచ్చిన మేనత్తను ఆయన అడిగారు:

"ఇంట్లో ఏమన్నా మార్చినారా అమ్మా?"

"ఏముండాది సామీ మార్చేకి! చీరకి తుప్పు మరకలు అంటతా ఉంటే తీగ తీసేసి వెదురుబొంగు కట్టించినా."

ఆయన నా వైపు తిరిగారు. "ఏమప్పా, మీ అత్త నీ అయనోస్ఫియర్‌నే తీసేసిందే!"

తుప్పుపట్టిన ముడి కూడా రెండు తరంగాలను కలిపి ఏరియల్‌కు అందించగలదు. తేల్చుకోవాలంటే తీగ మళ్లీ కట్టాలి.

"మైలగుడ్డలతో దండెం తాకతావా? పో, నీళ్లు పోసుకోని తడిగుడ్డతో రా!" అన్నది మేనత్త.

బావి దగ్గర స్నానం చేసి, తడిపంచెతో, గురువు సమక్షంలో, నా గ్రంథానికి ప్రతికూల సాక్షిని నా చేతులతోనే కట్టాను. మేనత్త చీర ఆరవేయగా, ఆ తడి బరువుకు ముడి బిగియగానే పాట వచ్చింది. ఆచార్యులు శ్రద్ధగా విన్నారు.

"బలే స్పష్టంగా ఉండాదప్పా," అని మెచ్చుకున్నారు.

"ఇనింది సాల్లే, తీగ ఇప్పు. మళ్లా మరక పడతాది," అని మేనత్త తొందరపెట్టింది.

విప్పాను. పాట ఆగింది. మర్నాటి సాయంకాలం ఆ వెదురుబొంగు పక్కనే పరిశోధనను మొదటి పరిశీలన నుంచి మళ్లీ మొదలుపెట్టాను.