మూడో వాడ మనిషి

మీ ఇంట్లో మంచం పట్టిన మనిషికి రోజూ సూది వేసే చెయ్యి రేపు రాకపోతే, ఇంకే చెయ్యి వేస్తుంది? పేరు చెప్పగలరా?

ఈ ఉదయం కోరుట్లలోని నా అద్దె గదిలో ఇన్సులిన్ వేసుకోబోతూ స్పిరిటు సీసా మూత తీశాను. ఆ ఘాటు వాసనకు శాంతమ్మ నర్సు గుర్తుకొచ్చింది. జగిత్యాలలో ఒక డాక్టరు దగ్గర పనిచేస్తూ, తీరిక పూటల్లో ఊళ్ళు తిరిగి కదలలేని రోగులను చూసేది. కొడిమ్యాల పక్కన మా ఊళ్ళో మా అమ్మ ఆమె రోగి. పక్షవాతం, పైగా చక్కెర జబ్బు. నక్సలైట్ల బందులు, పేలిపోయిన కల్వర్టులు, ఆగిపోయిన బస్సులు, ఊరిని చుట్టుముట్టే పోలీసులు శాంతమ్మకు వానాకాలం లాంటివే. వస్తాయని తెలుసు కనుక ముందే సిద్ధపడాలి, అంతే. ఇన్సులిన్ చెడిపోకుండా తడి ఇసుక నింపిన కుండలో సీసా చల్లగా దాచడం నేర్పింది. ప్రతి రోగికీ సూది వేయగలవాళ్ళు ముగ్గురుండాలి, ముగ్గురూ మూడు వాడల వాళ్ళు కావాలి. "ఒక్క వాడ మీద పోలీసులు పడితె అందరు ఉరుకుతరు. గప్పుడు ఇంకో వాడ మనిషి రావాలె," అనేది.

మా ఇంట్లో మొదటి చెయ్యి నాది, రెండోది పై వాడలో ఉండే చిన్నమ్మది. మూడో చేతికి శాంతమ్మ ఎంచింది మాదిగవాడలో బీడీలు చుట్టే లచ్చవ్వను.

"ఆకు కత్తిరించే చెయ్యి. వణకదు," అన్నది.

అమ్మ మొహం తిప్పుకుంది. "దాని చేత సూదా? చస్తె చస్త గని."

శాంతమ్మ నా వంక చూసింది. "మీటింగులల్ల కులం లేదని మస్తు చెప్తవట గద తమ్మీ. అమ్మకు చెప్పు."

నేను చెప్పలేదు. మరుసటి వారం శాంతమ్మ అడిగితే, లచ్చవ్వ నేర్చుకున్నదని అబద్ధమాడాను. అమ్మతో వాదించడం కన్నా సభలో వందమందితో వాదించడం నాకు తేలిక.

ఆ నెలలోనే సిరిసిల్లలో కుల నిర్మూలన మీద చర్చ. పొద్దున సూది వేసి వెళ్ళాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ సాయంత్రమే బందు మొదలై బస్సులు ఆగాయి. నడిచి వస్తుంటే పోలీసులు పట్టుకుని ఒక రోజంతా కూర్చోబెట్టారు. మూడో రోజు ఇల్లు చేరాను. ఈలోగా పై వాడలో సోదాలు జరిగి చిన్నమ్మవాళ్ళు జగిత్యాలకు వెళ్ళిపోయారు. వంటామె అమ్మకు గంజి తాగించింది గాని సూది పట్టుకోలేకపోయింది.

మంచం పక్కన శాంతమ్మ, జగిత్యాల నుంచి నడిచి వాచిన కాళ్ళతో. ఎదురుగా ఆమె పిలుచుకొచ్చిన లచ్చవ్వ, చేతిలో సూది. నాలుక పిడచకట్టుకుపోయి కూడా అమ్మ చెయ్యి లాక్కుంటోంది.

"నా కులం ఎప్పుడన్న అడిగినవా అమ్మా?" అన్నది శాంతమ్మ నెమ్మదిగా. "తెల్లచీర చూసి ఊకున్నవు. నేను గూడ గసొంటి వాడల పుట్టినదాన్నే. ఎయ్యి లచ్చవ్వా."

"భయపడకు దొరసానీ. బీడీ ఆకు కన్న నీ తోలు మెత్తగనే ఉన్నది," అన్నది లచ్చవ్వ.

అమ్మ కళ్ళు మూసుకుంది. చెయ్యి మాత్రం లాక్కోలేదు.

వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ శాంతమ్మ నాతో అన్నది: "జగిత్యాలల మీ చిన్నమ్మ కనవడ్డది. లచ్చవ్వ మీ గడప గూడ తొక్కలేదన్నది. గందుకే అచ్చిన. ఇయ్యాల కోరుట్ల దిక్కు ఒక ముసలాయన పుండుకు కట్టు మార్చేది ఉండె. నీ అబద్ధం గాయన మోస్తున్నడు. ఇగ మీకు లచ్చవ్వ ఉన్నది. నేను రాను తమ్మీ."

మళ్ళీ రాలేదు. అమ్మ పోయేదాకా, నేను లేని ప్రతిసారీ లచ్చవ్వే సూది వేసింది. జగిత్యాలలో ఎదురైతే శాంతమ్మ "అమ్మ ఎట్లున్నది?" అనేది. నువ్వెట్లున్నవని నన్ను ఎన్నడూ అడగలేదు. ఆమె పోయిన సంగతి కూడా నాకు ఆలస్యంగా తెలిసింది. ఆమె అడగని ఆ మాట కోసం ఈ వయసులోనూ చెవి పెట్టుకునే ఉన్నాను. ఇప్పుడు నాకూ ఇంట్లో ఎవరూ లేరు. నేను సూది వేయడం నేర్పిన ముగ్గురిలో ఇద్దరు గల్ఫ్ వెళ్ళిపోయారు. కొత్త తలుపులు తడుతున్నాను. చాలా తలుపులు తెరుచుకోవు. తడుతూనే ఉన్నాను.

బందులు పోయాయి కదా, ఇక భయమేమిటని మీరనవచ్చు. వరద వస్తుంది, జ్వరం వస్తుంది, సూది వేసే మనిషే మంచం పడుతుంది. ఈ వారమే మీరెన్నడూ అడుగుపెట్టని వాడకు వెళ్ళండి. ఒక మనిషిని మీ వాకిట్లో ఆపకుండా రోగి మంచం దాకా తీసుకురండి. సూది ఆ చేతికివ్వండి. మీ కళ్ళ ముందే వేయించండి.