గనుల గేటు దగ్గర అమ్మ గాజులు

పొద్దుటి నుంచి మా ఇల్లంతా కుంకుడుకాయల వాసన. ఆ వాసన తగిలితే చాలు, నాకు పెదనాన్న గుర్తొస్తాడు, ఒళ్లు మండుతుంది. మర్యాదకి గుర్తొస్తారు అనాలి. అనను.

మధురానగర్‌లో మా చిన్నప్పుడు పండగొస్తోందంటే, బూరెల పప్పు నానకముందే అమ్మ ఒక గిన్నెలో కుంకుడు రసం తీసి, వాళ్లమ్మ ఇచ్చిన నాలుగు బంగారు గాజులు అందులో వేసి, పాత బ్రష్షుతో రుద్ది, నా చేత మెత్తటి గుడ్డతో తుడిపించేది. పెదనాన్నది అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటరు. అప్పట్లో ఆ రోడ్డు మీద చేతిలో కరపత్రం పడకుండా పదడుగులు వేయలేకపోయేవాళ్లం. మెట్ల మీద, జిరాక్సు షాపుల్లో, ఇరానీ హోటళ్ల ముందు ఫైళ్లు పట్టుకున్న కుర్రాళ్లు, ఏ కోర్సు చేస్తే అమెరికా కంపెనీ పిలుస్తుందోనన్న గోల. వాళ్లందరికీ భవిష్యత్తు చెప్పే పెదనాన్నకి కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాదు.

ఒక ఏడాది దసరా ముందు, మెరుగు పెట్టిస్తానని అమ్మ గాజులు పంజాగుట్ట తీసుకెళ్లాడు. వారం తర్వాత తళతళలాడుతూ తెచ్చిచ్చి, "ఇక కుంకుళ్లు వాడకమ్మా, మెరుగు పోతుంది," అన్నాడు. ఆ వారంలోనే సెంటర్లో ఏసీలు వెలిశాయి. బావగారి మాటంటే అమ్మకి వేదం కాబట్టి ఆ పండక్కి మా ఇంట్లో ఈ వాసన లేదు.

సెలవుల్లో అతనే మమ్మల్ని బయల్దేరదీశాడు. రాయచూరు అవతల పాత బంగారు గనుల ఊళ్లో పనిచేసే ఒకాయన కొడుకు సెంటర్లో చదువుతున్నాడట, లోపలంతా చూపిస్తారట. తెల్లవారుజామునే పులిహోర డబ్బాలు, గారెలు, మజ్జిగ సీసాలతో సెంటరు వ్యానెక్కాం. దారి పొడుగునా పత్తి చేలు, నల్లమట్టి, దుమ్ము, వాటన్నిటి మీదుగా బంగారం గురించి పెదనాన్న ఉపన్యాసం. తీరా చూస్తే ఊరంతా బూడిదరంగు మట్టి గుట్టలు, రేకుల క్వార్టర్లు, పైన తిరిగే చక్రంతో ఒక ఇనుప చట్రం. బంగారపు ఊరంటే మెరుస్తుందనుకున్న నాకు ఏడుపొచ్చింది.

లోపలికి బంగారంతో వెళ్లకూడదట. ఒంటి మీది నగలన్నీ గేటు దగ్గర గుడ్డసంచిలో పెట్టి వెళ్లాలి. ఈ నియమం పెదనాన్నకి తెలిసుంటే మమ్మల్ని ఆ ఛాయలకి కూడా తెచ్చేవాడు కాదు. పెద్దమ్మ గొలుసు, అతని ఉంగరం సంచిలో పడ్డాయి. అమ్మ గాజులు తీస్తుంటే అక్కడి ఆడ గార్డు ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూసి, తిరిగిచ్చేసింది.

"ఇవి ఉంచుకోండమ్మా. ఇవి బంగారం కాదు."

అమ్మ మిగతా గాజులు కూడా తీసేసింది. తర్వాత నాలుగూ గార్డు బల్ల మీద పెట్టింది.

"వీటికి మెరుగు పెట్టించింది మా బావగారేనండి. ఆయన్నే అడగండి."

పెదనాన్న జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. నాన్న అన్నగారి ముందు నోరు మెదపలేదు. అదీ నేను మరచిపోలేదు. బయటికొచ్చేటప్పుడు గార్డు పిలిచినా అమ్మ ఆ గాజులు తీసుకోలేదు. దారిలో ఆగినప్పుడు డ్రైవర్ ఖాజా భాయ్ మొదటి గ్లాసు అమ్మకే తెచ్చాడు. "ఫికర్ చేయకక్కా, జర చాయ్ తాగు. గాయన మెరుగు సుత ఇయాల్టితోటి పోయింది," అన్నాడు, పెదనాన్నకి వినబడేట్టుగానే.

ఆ సెంటరున్న చోట ఇప్పుడు బట్టల షోరూము, ముందు మెట్రో స్తంభం. ఖాజా భాయ్ ఎక్కడున్నాడో తెలియదు. అమ్మ మళ్లీ బంగారు గాజులు తొడుక్కోలేదు, మట్టిగాజులే. నిన్న మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి పెదనాన్న ఒక పెట్టె పంపాడు. అందులో సరిగ్గా నాలుగు గాజులు. అమ్మ వాటిని ముట్టుకోకుండా, "కుంకుళ్లు నానబెట్టవే," అంది.

పొద్దుట గంటసేపు కసిగా రుద్దాను. రంగు పోలేదు. లెక్క సరిపోయిందనుకుంటున్నాడు కాబోలు ముసలాయన. ఆ సంగతికే నాకు ఇంకా మండింది. కడిగిన గాజులు అమ్మ ముందు పెట్టాను.

"బంగారమే," అంది అమ్మ. పెట్టె మూసి నా వైపు తోసింది. "మా అమ్మవి కావు. ఇచ్చేసి రా."