బొట్టు వద్దన్న ఇండ్లు

ఆ నోటుబుక్కు నాది. అందులో గీతలు గీసింది, ఇంటింటి పేరు రాసింది నేనే. మేస్త్రి చెయ్యి విరగ్గొట్టిన కట్టెను మాత్రం నేను పట్టుకోలేదు. ఈ రెండు మాటలను వేరుచేసి చెప్పుకుంటూ కొన్నాళ్ళు బతికాను.

మాది బచ్చన్నపేట మండలంలో పత్తి పండే ఊరు. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. భూపాలపల్లిలో బొగ్గు లారీల దగ్గర కూలీగా ఉన్నప్పుడు, పని లేని పూట ఫ్యాను కింద కూర్చోవచ్చని గ్రంథాలయానికి వెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడున్న చరిత్ర పుస్తకాలు, రాజ్యాంగం, ఎన్నికల మీద రాసినవి అన్నీ చదివాను. అర్థం కానివి రెండుసార్లు చదివాను. ఊరికి తిరిగొచ్చాక జనగామ గ్రంథాలయానికి బస్సెక్కేవాణ్ణి. డిగ్రీ చేసినవాళ్ళు కూడా దరఖాస్తు రాయమని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆ గర్వం ఇప్పటికీ ఉంది, దాచను.

మా ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్ళకు కేటాయించినప్పుడు మా అక్క నిలబడింది. అక్కను ఇచ్చింది ఊళ్ళోనే. పంచాయతీ ఎన్నికకు పార్టీ గుర్తు ఉండదు గాని, ఏ ఇల్లు ఏ పార్టీదో అందరికీ తెలుసు. మా పార్టీ పోరగాళ్ళకు నాయకుడు అక్క మరిది, నాకు బావ వరస. కిందటి ఎన్నికలో అవతలివాళ్ళు గొడ్డలి తిరగేసి అతని తల పగలగొట్టారు. చెవి పైన కుట్లు పడ్డచోట ఇప్పటికీ వెంట్రుక మొలవదు. అతని వెంట తిరిగేవాళ్ళు కూడా అట్లాంటివాళ్ళే. ఒకరికి పన్ను లేదు, ఒకరి మోటారు తగలబెట్టారు. జెండా కోసం దెబ్బలు తిన్నవాళ్ళు. పోస్టర్ దగ్గర్నుంచి పోలింగ్ ఏజెంటు దాకా వాళ్ళే.

కాని వాళ్ళ ఓట్లతోనే గెలవలేం. గెలుపు ఊరి చివరి వాడలో ఉంది. అక్కడివాళ్ళు ఏ పార్టీకీ పూర్తిగా చెందరు. దండం పెట్టినవాళ్ళందరికీ దండం పెట్టి, ఆలోచించుకుని ఓటేస్తారు. చాలామంది ఆదివారం ప్రార్థనకు పోతారు. మహిళా సంఘం తరఫున తిరిగి తిరిగి వాళ్ళ వాడకు నల్లా వేయించింది అక్క. అందుకని అక్కంటే ఇష్టం, బావంటే భయం. బావ మనుషులు చల్లబడకూడదు, వాడ బెదరకూడదు. రెండూ కలిస్తేనే అక్క గెలుస్తుందని చెప్పాను.

బావ నవ్వాడు. "లైబ్రరీల కూసోని గిదేనా నేర్చుకున్నది? పులిని, మేకను ఒక్క గుంజకు కట్టేస్తవా బామ్మర్ది?"

కట్టకపోతే ఓడిపోతామన్నాను.

మా దగ్గర పెళ్ళికైనా పండుగకైనా ఆడవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తారు. పెట్టించుకుంటే వస్తామని మాట ఇచ్చినట్టే. ఎన్నికల్లోనూ అదే పద్ధతి. అక్క కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది, వెనక నేను నోటుబుక్కుతో. బొట్టు పెట్టించుకున్న ఇంటికి టిక్కు, లేకపోతే అడ్డగీత. వాడలో ఇండ్లు కట్టే మేస్త్రి భార్య నుదురు వెనక్కి తీసుకుంది. "బొట్టు వద్దక్క, మేం ప్రార్థనకు పోతం. ఓటు మాత్రం నీకే," అంది. ఆ వరసలో అందరూ అదే మాట. ఎందుకు వద్దన్నారో నాకు తెలుసు, అక్కకూ తెలుసు. కాని నేను గీసుకున్న గడుల్లో ఆ రెండో మాటకు చోటు లేదు. పేర్ల పక్కన వరసగా అడ్డగీతలు పెట్టాను. పేజీ ఎంతో శుభ్రంగా కనిపించింది.

పోలింగ్‌కు నాలుగు రోజుల ముందు, ఓటరు స్లిప్పులు పంచాలని బావ ఆ బుక్కు అడిగాడు. సంతోషంగా ఇచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం వాడ నుంచి కేకలు వినిపించి పరుగెత్తాను. మేస్త్రి ఎవరిదో ఇంటి గోడకు ప్లాస్టర్ చేస్తున్నాడట. కాలు పట్టి పరంజా మీది నుంచి కిందికి గుంజారు. నేను వెళ్ళేసరికి బావ మనుషులు నలుగురు అతన్ని తొక్కుతున్నారు. అడ్డం వచ్చిన భార్యను జుట్టు పట్టి ఇసుక కుప్ప మీద పడేశారు. పక్క ఇండ్ల తలుపులు పగిలి ఉన్నాయి, నీళ్ళ బిందెలు సొట్టలు పడి దొర్లుతున్నాయి. ఒకడు మేస్త్రి కుడిచెయ్యి లాగి గడప రాయి మీద పెట్టాడు. బావ కట్టె ఎత్తి మణికట్టు మీద రెండుసార్లు కొట్టాడు. మొదటి దెబ్బకు మేస్త్రి అరిచాడు. రెండో దెబ్బకు అరుపు రాలేదు.

నేను బావ చొక్కా పట్టుకుని లాగాను. మోచేత్తో పొడిచాడు, నా పెదవి చిట్లింది. వాళ్ళు బొట్టు ఎందుకు పెట్టుకోరో తెలియదా అని అరిచాను.

"తెల్సు," అన్నాడు ఊపిరి తీసుకుంటూ. "బొట్టు వద్దన్నోళ్ళు మన కోసం తలకాయ పగలగొట్టుకుంటరా? ఎటూ చెప్పనోడు నాకు అవుతలోనికంటే అధ్వాన్నం."

మేస్త్రిని జనగామ పెద్ద దవాఖానకు ఆటోలో తీసుకుపోయాను. మేస్త్రి చెయ్యి తువ్వాలలో చుట్టి నా ఒళ్ళో ఉంది, వాచి వేడిగా ఉంది. ఆ దారంతా నేను మాట్లాడుతూనే ఉన్నాను. కేసైతే బావ మనుషులు లోపలికి పోతారు, బూత్‌లో కూర్చునేవాళ్ళుండరు, అక్క ఓడిపోతుంది, అవతలివాళ్ళు వస్తే వాడకు నీళ్ళు కూడా రావు అన్నాను. పదిమంది మేలు కోసం ఒకరు ఓర్చుకోవడం గురించి చదివినవన్నీ చెప్పాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు.

మేస్త్రి కళ్ళు మూసుకుని విన్నాడు. "నువ్వు చదువుకున్నోనివి. ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు," అన్నాడు.

నేను నేర్పినట్టే, పరంజా మీది నుంచి పడ్డానని డాక్టరుతో చెప్పాడు. డాక్టరు అతని వీపు మీది బూటు ముద్రలు చూశాడు, నా పెదవి చూశాడు, చెప్పిందే రాసుకున్నాడు.

అక్క నా చెంప మీద కొట్టింది. కాని కేసు పెట్టమనలేదు. ఆమెకూ గెలవాలని ఉంది. చివరికి బావను వాడకు పంపి అందరి ముందు దండం పెట్టించింది. బావ నవ్వుతూ పెట్టాడు. వాడవాళ్ళు తిరిగి దండం పెట్టారు. పోలింగ్ రోజు బావ మనుషులు, వాడ ఆడవాళ్ళు ఒకే బూత్ ముందు నిలబడితే, పుస్తకాల్లో చదివింది చేసి చూపించానని నేను పొంగిపోయాను.

అక్క గెలిచింది. ఎండ తగ్గకముందే లెక్కింపు అయిపోయింది. డప్పులు, ట్రాక్టరు, రంగులు. ఊరేగింపు వాడలోకి పోవద్దని అక్క ముందే చెప్పింది. ట్రాక్టరు అటే తిరిగింది. మేస్త్రి గడప మీద పటాకుల సరం పరిచి అంటించారు. తలుపు పరదా అంటుకుంది. ఆర్పబోయిన మేస్త్రి భార్య పాదం కాలింది. మేస్త్రి బయటికొచ్చి, చెయ్యి మెడకు కట్టి ఉండగానే సరాన్ని కాలితో తన్నబోయాడు. ఇద్దరు అతన్ని నెట్టారు. కట్టు ఉన్న చెయ్యి మీదే పడ్డాడు.

లేవకుండానే నా వైపు చూశాడు. "సారూ, మళ్ళ పరంజా మీది నుంచే పడ్డనని చెప్పాల్నా?"

డప్పులు ఆగలేదు. అక్క ట్రాక్టరు మీది నుంచి దూకింది. పేలుతున్న సరాన్ని ఉత్త చేత్తో పట్టి గుంజి, తన మనుషుల మీదికే విసిరింది. వాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతూ పరుగెత్తారు. ఒకడి చొక్కా అంటుకుంది. వాడు మట్టిలో దొర్లి ఆర్పుకున్నాడు.

"వదినె, గెలిపిచ్చిన మమ్ములనా?" అన్నాడు బావ.

"గెలిపిస్తరనే గిన్ని రోజులు ఊకున్న. నా తప్పు గదే," అంది అక్క. ఆమె అరచేయి తోలు ఊడి వేలాడుతోంది.

ఆ చేత్తో రాయలేదు కాబట్టి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు నేను రాశాను. మొదటి పేరు బావది. పరంజా అబద్ధం చెప్పించింది నేనేనని కూడా రాయమంది. రాశాను. ఆ వాక్యం కోసం రెండు కాగితాలు పాడుచేశాను.

బావ ఇప్పుడు దంతాలపల్లిలో చుట్టాల ఇంట్లో ఉంటాడు, కోర్టు వాయిదాలకు వస్తాడు. మా ఇంటి మీద రెండుసార్లు రాళ్ళు పడ్డాయి. ఇంకోసారి పత్తి చేనుకు పోయే దారిలో నన్ను పట్టుకుని, దవడ పళ్ళు రెండు రాలేదాకా కొట్టారు. కొట్టినవాళ్ళు మా జెండా మోసినవాళ్ళే. అక్క గ్రామసభ పెడితే బావ మనుషులు ఒక్కరూ రారు. వాడవాళ్ళు వస్తారు. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోరు. బయటికి పోయే దారి దగ్గర నిలబడి వింటారు.