మీటరు మీద బొట్టు

యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క నా బస్సును బొగ్గు గ్యాసుతో నడుపుతున్నాను. గ్యాసులో గాలి ఎంత కలుస్తోందో ముల్లుతో చూపించే మీటరును నిన్ననే బిగించారు. ఈ ఉదయం పూజ చేసి, దాని అద్దం నిండా పసుపు పూసి బొట్టు పెట్టాను. ముల్లు కనపడలేదు. అయినా బొట్టు తుడవడానికి చెయ్యి రాలేదు. గాలి ఎక్కువైనా తెలియక, పాలమూరు ఇంకా రెండు క్రోసుల దూరం ఉందనగా ఇంజను ఆగిపోయింది. పాలమూరులో రైలెక్కే కూతురిని సాగనంపడానికి ఒక అవ్వ అచ్చంపేటలో నా బస్సెక్కింది. ఇంజను మళ్ళీ నడిపించి మేం చేరేసరికి కూతురి రైలు వెళ్ళిపోయింది.

"బొట్టు అడ్డమొచ్చింది అవ్వా," అన్నాను.

"బండికి పెట్టినవా, నీ కండ్లకు పెట్టుకున్నవా బిడ్డా?" అంది.

కూతురికి తెచ్చిన జొన్నరొట్టెల మూట నా చేతిలోనే పెట్టి వెళ్ళింది.

సాయంత్రం అద్దం తుడిచాను. మీరైతే పొద్దున్నే తుడిచేవారా, చెప్పండి. నేను మాత్రం రొట్టెల మూట ఇంకా విప్పలేదు.