పదకొండోవాడికి చెప్పిన ఖలాస్

మా క్రికెట్ టీము కథ చెప్పమని ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. వాట్సాప్ గ్రూపులో తలా ఒకరు చెప్పారు. రెండు మ్యాచ్‌లు ఆడి ఖతర్ వెళ్లిపోయినవాడు కూడా చెప్పాడు. అందరి కథా ఒక్కచోటే ఆగుతుంది: పదకొండోవాడు అలిగి రాలేదు, టీము మునిగిపోయింది. ఆ పదకొండోవాణ్ని నేనే. అదే గ్రూపులో ఉన్నాను. నేను రాసినప్పుడల్లా వెంటనే ఎవరో పుట్టినరోజు శుభాకాంక్షలు పెడతారు, నా మాట పైకి వెళ్లిపోతుంది.

టీము పుట్టింది ఈ గల్ఫ్ దేశంలోనే, గుదైబియాలో, కింద లాండ్రీ ఉన్న ఒక పాత బిల్డింగులో. సగంమంది మా జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లం, కట్టడం పనులవాళ్లం. మిగతా సగం గోదావరి జిల్లాల క్రైస్తవులు, ఏసీ మెకానిక్కులు, డ్రైవర్లు. కెప్టెన్ వాళ్లలోనివాడే, కంపెనీ వ్యాను నడిపేవాడు. వ్యాను ఉంది కాబట్టే కెప్టెన్ అయ్యాడని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఇక్కడ సెలవు శుక్రవారం. వాళ్ల తెలుగు ప్రార్థన కూడా శుక్రవారమే. అందుకని వెలుగు రాగానే సఖీర్ దారిలో ఒక ఖాళీ జాగాలో ఆట మొదలుపెట్టి, ప్రార్థన వేళకు ముగించేవాళ్లం. కెప్టెన్ వ్యానులోనే జెర్సీ విప్పి ఇస్త్రీ చొక్కా తొడుక్కునేవాడు. ఒకసారి తొందరలో జెర్సీ మీదనే చొక్కా వేసుకుని పోయాడు. పాట పాడడానికి లేస్తే కాలరు కింద పచ్చరంగు కనబడి, పాస్టరుగారు మెల్లగా స్కోరు అడిగారట.

ఆ జాగాలో ఇసుక మీద సిమెంటు పట్టీ వేసి పిచ్ చేసింది మేము. అది పూర్తయిన రోజు తీసిన ఫొటోలో నాది మోచెయ్యి ఒక్కటే ఉంది.

నేను బ్యాటింగులో ఎప్పుడూ చివరివాణ్ని. చాలాసార్లు నా దాకా రాకముందే ఆట అయిపోయేది. ఎండ కళ్లల్లో కొట్టే వైపు ఫీల్డింగు నాది. అయినా ఒక్క వారం మానలేదు. ఒక ఏడు టోర్నమెంటు సెమీఫైనల్‌కు జెర్సీ వేసుకుని గ్రౌండుకు పోతే, నా జాగాలో ఒక కొత్త బౌలరు నిలబడి ఉన్నాడు. నాకు ముందు ఒక్క మాట చెప్పలేదు. ఆ పూటంతా అందరికీ నీళ్లందించాను.

అందుకే ఫైనల్ ముందురోజు సాయంత్రం కెఫెటేరియాలో కెప్టెన్‌ను పట్టుకున్నాను. ఒక చేతిలో చాయ్, ఇంకో చేతిలో ఫోను, అవతల కఫీల్, అంటే అతని వీసా యజమాని.

"అన్నా, రేపు నా సంగతేంది?" అన్నాను.

ఫోను చెవికి కాస్త ఎడంగా పెట్టి, "నీదా? ఖలాస్," అన్నాడు. మళ్లీ ఫోనులో పడ్డాడు.

మా ఊళ్లో ఖలాస్ అంటే అయిపోయింది, ఇక పనికిరాదు. ఇంజను ఖలాస్ అంటే బండి తుక్కుకు పోయినట్టే. ఇక్కడి అరబ్బులు సరే, ఖాయం అనడానికి కూడా అదే మాట వాడతారు. అది నాకు తెలియక కాదు. కానీ అన్నది అరబ్బు కాదు. తెలుగువాడు తెలుగువాడితో అన్నాడు, అదీ నీళ్లు మోయించిన మరుసటి వారమే. నేనేమని తీసుకోవాలి?

మర్నాడు అమ్వాజ్‌లో ఓవర్‌టైంకు పోయి ఎవరిదో బాత్రూములో టైల్స్ వేశాను. తిరిగొచ్చేసరికి అందరూ రూములోనే ఉన్నారు. ఒకడు, "ఏం కాకా, ఓవర్‌టైం మంచిగైందా?" అన్నాడు. ఆ కొత్త బౌలరుకు ఆ పొద్దే డ్యూటీ పడిందట, పదిమందితోనే ఆడారట. గెలుపుకు ఒక్క ఫోరు దూరంలో కెప్టెన్ ఒక చివర నిలబడి ఉన్నాడట, రెండో చివర నిలబడడానికి మనిషి లేడట.

ఆ తర్వాత గోదావరివాళ్లు "మీవాడు" అన్నారు, మావాళ్లు "మీ కెప్టెన్" అన్నారు. ఆ టీము మళ్లీ ఆడలేదు. ఇప్పుడు ఆ జాగాకు కంచె వేశారు.

ఒక సంగతి దాచను. ఫైనల్ పొద్దున లాండ్రీ నుంచి తెచ్చిన మూటలో నా జెర్సీ కూడా ఉందని, గ్రౌండులో మడత విప్పకుండా వ్యానులోనే పడి ఉందని తర్వాత విన్నాను. ఉంటే ఉండనీ. లాండ్రీవాడు ఎప్పుడూ అన్నీ కలిపే కట్టి ఇస్తాడు. ఎవడు ఆడుతున్నాడో వాడికేం తెలుసు?

కెప్టెన్ మన దేశం తిరిగి వెళ్లి చాలా కాలమైంది. రోజూ పొద్దున గ్రూపులో బైబిల్ వాక్యం పెడతాడు, కాబట్టి బాగానే ఉన్నాడు. నేను విడిగా అడిగితే నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు. ఆ ఫైనల్ ఎవరు గెలిచారో నాకిప్పుడు అక్కర్లేదు. మోకాళ్లు పోయాయి, టైల్స్ పని కూడా ఇక ఎక్కువ రోజులు చేయలేను. కొత్తగా వచ్చిన పిల్లలు కూడా నన్ను చూసి, "ఆ రోజు రానిది ఈ కాకానే," అంటున్నారు.

అన్నా, ఇది నీ దాకా వస్తుందని తెలుసు. రేపు ఆడుతున్నావు అన్నావా, నీ పని అయిపోయింది అన్నావా? రెండింట్లో ఏదో ఒకటి గ్రూపులో అందరి ముందు చెప్పు. తెలుగులో చెప్పు. ఖలాస్ అని మాత్రం పెట్టకు.