మేనేజరు చొక్కా మీద సాక

ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులు. నాచారం బీరు ఫ్యాక్టరీలో నేను రుచి చూసి సరేనంటేనే సరుకు గేటు దాటేదని అల్లుడి దగ్గర గొప్పలు పోయేవాణ్ణి. ఒకరోజు అల్లుడు, తన ఆఫీసు మేనేజరు ఒక హోటల్లో బెల్జియం బీర్ల రుచి చూపిస్తున్నాడని నన్నూ వెంటబెట్టుకుపోయాడు.

ఒక్కో బీరుకు జోడీగా ఒక్కో తిండి. ధనియాలు, నారింజ తొక్క వేసిన తెల్ల బీరుకు వేయించిన రొయ్యలు పెట్టారు. "ముందు వాసన చూడండి" అని అక్కడి నిపుణుడు చెబుతుండగానే, నేను అలవాటుకొద్దీ గ్లాసులో వేలు ముంచి తాగేముందు పెద్దల పేరున వదిలే సాక చిలకరించాను. చుక్కలు మేనేజరు తెల్లచొక్కా మీద పడ్డాయి.

"ఇదేంటండీ?" అన్నాడాయన.

"నురుగు పరీక్ష" అన్నాను తడుముకోకుండా.

ఎవరో కిసుక్కున నవ్వారు. అల్లుడు చప్పున తనూ వేలు ముంచి చిలకరించాడు.

"మా మామ ఫ్యాక్టరీల గిట్లనే చూస్తుండె సార్!"

దాంతో మేనేజరుతో సహా అందరూ వేళ్లు ముంచారు.

తిరుగుదారిలో మనసొప్పక, "నేను సీసాలు కడిగేటోణ్ణి అల్లుడా" అన్నాను.

"ఎరుకే మామా. అత్తమ్మ లగ్గమైన కొత్తలనే చెప్పింది."

ఇల్లు చేరేదాకా తలెత్తలేకపోయాను. ఎన్నడూ అబద్ధమాడని పిల్లవాడు నా పరువు కోసం తన పై అధికారి ముందు అబద్ధమాడాడు.